స్ప్లెండర్ టైమింగ్ చైన్ ఇంట్లో మార్చుకోవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. బండి 2009 మోడల్ స్ప్లెండర్ ప్లస్. 90 వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఎడమ పక్క గరగర శబ్దం వస్తోంది, యాక్సిలరేటర్ ఇచ్చి వదిలేసినప్పుడు ఇంకాస్త ఎక్కువ. ఒక మెకానిక్ బోర్ పని, అంటే సిలిండర్, పిస్టన్ పని, చేయించాలన్నాడు, ఇంకొకతను టైమింగ్ చైన్ కిట్ వేస్తే చాలన్నాడు. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్, క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే లోపలి గొలుసే టైమింగ్ చైన్. కిట్టే అయితే ఇంట్లో మీరే మార్చుకోగలరా అని అడిగారు.

మార్చుకోవచ్చు. పానాలు పట్టడం అలవాటున్నవాళ్ళు ఇంట్లో టైమింగ్ చైన్ మార్చడం నేర్చుకోవాలంటే మన రోడ్ల మీద ఇంతకంటే అనువైన ఇంజిన్ దొరకదు. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన మొదటి స్ప్లెండర్, మీ బండి, అన్నిటిదీ ఒకే వంశం. 97.2 సీసీ, దాదాపు అడ్డంగా పడుకున్న సిలిండర్, చైన్ మొత్తం ఎడమ పక్కన మ్యాగ్నెట్ (క్రాంక్ కొసన కరెంటు పుట్టించే అయస్కాంతపు చక్రం) వెనకాల. మామూలుగా హెడ్ (సిలిండర్ కొసన వాల్వులు, క్యామ్ ఉండే భాగం) దించాల్సిన పనే రాదు. సామాను మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది.

అయితే ఇంత షెడ్డు అనుభవంతో ఒక మాట చెబుతాను. చైన్ ఎక్కించడం ఇందులో చిన్న పని. మార్చాల్సింది చైనేనా అని ముందు తేల్చుకోవడం, చివర్లో క్రాంక్, క్యామ్ గుర్తులు కలిశాయో లేదో చేత్తో తిప్పి చూసుకోవడం, ఈ రెండే అసలు పని. అందుకే నా సమాధానంలో సగం పానా పట్టకముందే అయిపోతుంది.

శబ్దం ఎవరిది?

ఎడమ పక్క శబ్దం అనగానే టైమింగ్ చైన్ అనేస్తారు. చాలాసార్లు అది టాపెట్, అంటే వాల్వును నొక్కే మీటకూ వాల్వుకూ మధ్య సందు సరిచేసే చోటు, అయి ఉంటుంది. టాపెట్ శబ్దం టిక్ టిక్‌మని సన్నగా, లెక్క తప్పకుండా వస్తుంది. క్యామ్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ రెండు చుట్లకు ఒక్కో వాల్వు ఒక్కసారి కొడుతుంది. ఐడిలింగ్‌లో ఆ దెబ్బలు ఒకే లయలో విడివిడిగా వినిపిస్తాయి. టైమింగ్ చైన్ శబ్దానికి ఆ లెక్క ఉండదు. గొలుసు రేకుకు రాసుకుంటున్నట్టు చిందరవందరగా ఉంటుంది. రేజ్ చేసి ఠక్కున వదిలినప్పుడు, వేగం పడిపోతున్న ఆ క్షణంలో బాగా పైకి వస్తుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే, అందుకే నా అనుమానం కూడా చైన్ మీదే. కానీ అనుమానం చాలదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని మొనను హెడ్ ఎడమ పక్కనున్న గుండ్రటి మూత మీద ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు ఆనించండి. తర్వాత అదే మొనను టాపెట్ మూతల మీద, సిలిండర్ మీద, కుడి పక్క క్లచ్ కవర్ మీద పెట్టి వినండి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ వెతకాలి. చొక్కా అంచులు, వేళ్ళు వెనక చక్రం దగ్గరికి పోకుండా చూసుకోండి. సైలెన్సర్ వేడి సంగతి చెప్పనక్కర్లేదు. ఇది చేస్తూ ఒకసారి క్లచ్ లివర్ నొక్కి చూడండి. నొక్కగానే శబ్దం మారితే లేదా తగ్గితే తప్పు క్లచ్ వైపు ఉంది, టైమింగ్ చైన్‌కు దానితో సంబంధం లేదు.

పిస్టన్ వదులైతే చల్లటి ఇంజిన్‌లో లోపలి నుంచి మొద్దుగా తడుతుంది, వేడెక్కాక తగ్గుతుంది. క్రాంక్ బేరింగ్, కనెక్టింగ్ రాడ్ సమస్య అయితే బండి బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, లోతుగా డబడబమంటుంది. ఈ రెండింటిలో ఏదైనా ఉంటే బోర్ అన్న మెకానిక్ చెప్పిందే నిజం కావచ్చు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా, రెండు ఆయిల్ మార్పిడుల మధ్య ఆయిల్ తగ్గుతోందా అనేవి కూడా చూడండి. పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు, లాగుడు బాగానే ఉంది అంటే ఒక్క గరగర శబ్దం విని బోర్ విప్పించడం దండగ.

టాపెట్ ముందు సరిచేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రాత్రంతా నిలబెట్టిన బండి అయితే మరీ మంచిది. పాత స్ప్లెండర్లకు రెండు వాల్వులకూ 0.05 మిల్లీమీటర్ల సందు పెట్టడం అలవాటు. మోడల్‌ను బట్టి అంకె మారొచ్చు కాబట్టి మీ బండి ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం చేసుకోండి. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలవండి, చేతి అంచనాతో వద్దు. తర్వాత కొత్త ఆయిల్ పోసి ఒక వారం తిరగండి. ఈ ఇంజిన్లో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ మీద ఆధారపడి పనిచేస్తుంది. ఆయిల్ అరకొరగా ఉన్నా, ఎప్పుడో పోసింది నీళ్ళలా పలచబడినా, మంచి చైన్ కూడా గరగరమంటుంది. ఈ రెండూ చేశాక కూడా గుండ్రటి మూత దగ్గర శబ్దం అలాగే ఉంటే, అప్పుడు కిట్ కొనండి.

అసలు అరిగేది ఏమిటి

చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ఒక్కో లింకులో పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్ ఒకదానికొకటి రాసుకుని వెంట్రుకవాసి అరుగుతాయి. లింకులు చాలా ఉంటాయి కాబట్టి ఆ అరుగుదలంతా కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే క్యామ్ క్రాంక్ కంటే కాస్త వెనకబడుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటాయి. బండి లాగుడు తగ్గి, మైలేజీ పడిపోవడం దీని నుంచే. ఇంకా వదులైతే చైన్ ఒక పన్ను దాటి దూకొచ్చు. ఒక్క పన్ను తేడా క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలకు పైనే. అంత తప్పితే వాల్వు పిస్టన్‌కు తగిలి వంగే ప్రమాదం ఉంది. కొన్ని వందల పని వేలల్లోకి పోయేది అక్కడే.

మన బళ్ళలో చైన్ కంటే ముందు పాడయ్యేవి రబ్బరు సామాను. చైన్‌ను అదిమి పట్టే చెయ్యి లాంటి భాగానికి ఒక రోలర్ ఉంటుంది, సిలిండర్ మధ్యలో ఇంకో రోలర్ ఉంటుంది, కింది నుంచి తోసే పుష్ రాడ్ కొసన రబ్బరు ముక్క ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడి ఆయిల్‌లో ఉండి ఇవి గట్టిపడి పగులుతాయి. రోలర్ రబ్బరు పెచ్చులుగా ఊడి ఇనుప బుష్ మీద చైన్ తిరుగుతుంటే శబ్దం ఎలా ఉంటుందో మీరిప్పుడు వింటున్నారు. కాబట్టి ఒక్క చైన్ కొనొద్దు, మొత్తం కిట్ కొనండి. చైన్, రెండు రోలర్లు, కింది గైడ్ పళ్ళ చక్రం, పుష్ రాడ్ రబ్బరు, స్ప్రింగ్ ఉండాలి. కంపెనీని బట్టి కిట్‌లో ఒకటీ రెండూ తక్కువ రావొచ్చు. షాపులోనే ప్యాకెట్ విప్పి చూసుకుని లేనివి విడిగా తీసుకోండి. క్యామ్ స్ప్రాకెట్ (క్యామ్ కొసన ఉండే పళ్ళ చక్రం) పళ్ళు సూదిగా అరిగి కొక్కేల్లా వంగి ఉంటే అదీ మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ ఎంతోకాలం నిలవదు.

కిట్‌తో పాటు మ్యాగ్నెట్ వెనక ప్లేటులో ఉండే ఆయిల్ సీల్, దాని ఓ-రింగులు, హెడ్ గుండ్రటి మూత ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషర్, సరిపడా ఆయిల్ తెచ్చుకోండి. ఆయిల్ 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని ఉన్నది. కారు ఆయిల్ పోయొద్దు, ఈ బండి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది, జారుతుంది. కంపెనీ సామానైతే నిశ్చింత. అది దొరక్కపోతే కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ళ రోలాన్ లాంటి పేరున్న చైన్ తీసుకోండి. రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో సగం ధరకు వస్తుందని పేరు ఊరు లేని కిట్ మాత్రం వద్దు. కిట్ ధరే తక్కువ, అందులో మిగిల్చేదేముంది? మోడల్, సంవత్సరం చెప్పి అడగండి. సూపర్ స్ప్లెండర్ ఇంజిన్ వేరు, దాని కిట్ దీనికి పట్టదు.

పనిముట్లలో ఒక్కటే ప్రత్యేకమైనది, మ్యాగ్నెట్ పుల్లర్. అది లేకుండా పని మొదలుపెట్టొద్దు. మ్యాగ్నెట్‌ను సుత్తితో కొట్టి ఊడదీస్తామనేవాళ్ళు ఉంటారు. దెబ్బ క్రాంక్ కొసకు తగిలితే క్రాంక్ లైను తప్పుతుంది, మ్యాగ్నెట్‌కు తగిలితే లోపలి అయస్కాంతం పగులుతుంది. ఈ ఇంజిన్‌కు సరిపడే పుల్లర్ చిన్నది, చవకది. కొనడం ఇష్టం లేకపోతే తెలిసిన షెడ్డులో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. మిగతావి మామూలు పానాల సెట్టు, బాక్స్ పానాలు, ఫీలర్ గేజ్, ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగేది), సన్న ఇనుప తీగ. టార్క్ పానా (బిగువు కొలిచేది) ఉంటే మరీ మంచిది.

విప్పడం

బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ చుట్టూ మట్టి, గ్రీజు బాగా కడిగి ఆరబెట్టండి. చైన్ ఉండే గదిలోకి ఇసుక రేణువు పోయినా అది నేరుగా ఆయిల్ పంపు దారి పడుతుంది. ఆయిల్ దించేయండి. ప్లగ్గు విప్పేయండి, దాంతో క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. గేర్ లివర్, ఎడమ కవర్ తీస్తే మ్యాగ్నెట్ కనిపిస్తుంది. హెడ్ ఎడమ పక్క గుండ్రటి మూత తీస్తే క్యామ్ స్ప్రాకెట్ కనిపిస్తుంది. రెండు టాపెట్ మూతలూ తీయండి.

ఇప్పుడు మ్యాగ్నెట్ నట్టు మీద బాక్స్ పానా పెట్టి, ఎడమ పక్క నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో నిదానంగా తిప్పండి. ఇంజిన్ తిరిగే దిశ అదే. నట్టు వదులయ్యేదీ ఆ దిశకే కాబట్టి గుంజకుండా మెల్లగా తిప్పాలి, ప్లగ్గు తీసి ఉంది కనుక క్రాంక్ సులువుగానే కదులుతుంది. మ్యాగ్నెట్ అంచు మీద రెండు గుర్తులుంటాయి, టి అనీ ఎఫ్ అనీ ఇంగ్లీషు అక్షరాలు. టి పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు. ఎఫ్ ప్లగ్గు వెలిగే చోటు, టి కంటే కొంచెం ముందు వస్తుంది. రెండింటినీ తారుమారు చేసుకునేవాళ్ళు ఎక్కువ. పాత బండిలో తుప్పుపట్టి అక్షరం సరిగా కనపడదు. వైర్ బ్రష్‌తో తుడిచి టి పక్క గీత మీద తెల్ల పెయింటు చుక్క పెట్టుకోండి. ఆ గీత కేసు మీది గుర్తుకు ఎదురుగా రావాలి.

అదే సమయంలో క్యామ్ స్ప్రాకెట్ మీద సున్నా ఆకారపు గుర్తు హెడ్ అంచులోని కోత దగ్గరికి వచ్చి ఉండాలి, రెండు టాపెట్లూ చేతికి కొద్దిగా ఆడాలి. సున్నా గుర్తు అవతలి వైపుంటే క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఈ స్థితిలో ఏ వాల్వు స్ప్రింగూ క్యామ్‌ను నొక్కదు కాబట్టి స్ప్రాకెట్ విప్పగానే క్యామ్ దానంతటది తిరిగిపోదు. పాత చైన్ బాగా అరిగి ఉంటే టి కలిసినప్పుడు సున్నా గుర్తు కోతకు అటో ఇటో జరిగి ఉండొచ్చు. కంగారు పడకండి, అరుగుదల అదే చూపిస్తోంది. ఫోన్‌తో నేరుగా ఎదురు నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. పక్క నుంచి తీసిన ఫొటోలో గుర్తు జరిగినట్టు కనిపించి తర్వాత మిమ్మల్నే గందరగోళ పెడుతుంది.

మ్యాగ్నెట్ నట్టు గట్టిగా ఉంటుంది. పట్టుకునే హోల్డర్ లేకపోతే గేర్ లివర్ మళ్ళీ తగిలించి బండిని టాప్ గేర్‌లో వేసి, పక్కన ఎవరినైనా వెనక బ్రేక్ గట్టిగా తొక్కమనండి. కాయిల్ సందుల్లో స్క్రూడ్రైవర్ దూర్చి మ్యాగ్నెట్ ఆపొద్దు. నట్టు వచ్చాక పుల్లర్ మరలు పూర్తిగా ఎక్కించి, మధ్య బోల్టు బిగించుకుంటూ పోతే ఠప్‌మని ఒక శబ్దంతో మ్యాగ్నెట్ వదులుతుంది. క్రాంక్ గాడిలో అర్ధచంద్రాకారపు చిన్న కీ ఉంటుంది. అది కింద పడిపోతే మ్యాగ్నెట్ అయస్కాంతానికే అతుక్కుని దొరక్కుండా పోయేది ఎక్కువ. ముందే తీసి భద్రపరచండి. మ్యాగ్నెట్‌ను నేల మీద పెడితే ఇనుప రజను లాగేసుకుంటుంది, గుడ్డలో చుట్టి పెట్టండి.

తర్వాత మ్యాగ్నెట్ వెనకనున్న కాయిల్ ప్లేటు. విప్పే ముందు ప్లేటుకూ కేసుకూ కలిపి సూదితో ఒక గీత గీయండి. దాని స్క్రూలు మొండికేస్తాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తల అరగ్గొట్టుకోకుండా మొదటే ఇంపాక్ట్ వాడండి. ప్లేటు వైర్లతో వేలాడకుండా పక్కకు కట్టండి. వెనకాల క్రాంక్ మీది చిన్న స్ప్రాకెట్, చైన్, టెన్షనర్ చెయ్యి అన్నీ కనిపిస్తాయి. ఇక్కడ కూడా ఫొటో తీయండి, ఏ రోలర్ చైన్‌కు ఏ పక్కనుందో స్పష్టంగా కనిపించేలా.

కేసు కింద ఎడమ పక్కనున్న టెన్షనర్ బోల్టు తీస్తే స్ప్రింగ్, పుష్ రాడ్ కిందికి వస్తాయి. చెయ్యి పెట్టి పట్టుకోండి, ఆయిల్ కూడా కారుతుంది. దాంతో చైన్ వదులవుతుంది. చైన్ వెళ్ళే సొరంగంలో ఒక శుభ్రమైన గుడ్డ కుక్కి అప్పుడు క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు విప్పండి. గుడ్డ పెట్టనివాళ్ళ బోల్టు ఎప్పుడో ఒకసారి లోపల పడుతుంది, అది తీయడానికి పట్టే సమయంలో ఇంకో ఇంజిన్ విప్పి బిగించొచ్చు. స్ప్రాకెట్ తీశాక చైన్ పై కొసకు తీగ కట్టి కిందికి దించి, క్రాంక్ స్ప్రాకెట్ మీది నుంచి పక్కకు జార్చి తీసేయండి. తీగ మాత్రం సొరంగంలోనే ఉంచండి, కొత్త చైన్ పైకి లాగేది దానితోనే.

సిలిండర్ పక్కన బయటికి కనిపించే పిన్ బోల్టు తీస్తే మధ్య రోలర్ వదులవుతుంది. తీగ కొక్కెంతో లేదా పొడుగు ముక్కు పటకారుతో తీసుకోండి. ఇరుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. ముక్కలు లోపల పడితే ఇంకా పెద్ద పని. అలాంటప్పుడు హెడ్, సిలిండర్ దించి తీయడమే మర్యాద, ఆ పని మొదటిసారే ఇంట్లో చేసేవాళ్ళకు చెప్పను. అక్కడ ఆపి మెకానిక్‌ను పిలవండి.

తీసిన సామాను చూడండి

ఈ పది నిమిషాలు చాలామంది మిగుల్చుకుంటారు. పాత చైన్, కొత్త చైన్ పక్కపక్కన మేకుకు వేలాడదీయండి. పొడవులో తేడా కంటికి కనిపిస్తే నిజంగా అరిగింది చైన్. రెండూ సమంగా ఉండి రోలర్ రబ్బరు లేకపోతే శబ్దం అక్కడిది. రెండూ బాగున్నాయా? అయితే పుష్ రాడ్ చూడండి, కొస రబ్బరు అరిగి పళ్ళెంలా గుంట పడిందా, రాడ్ గాట్లు పడి తన రంధ్రంలో పట్టేస్తోందా అని. ఏ భాగం వల్ల శబ్దం వచ్చిందో తెలియకుండా అన్నీ మార్చి బిగిస్తే, రేపు శబ్దం పోకపోయినా ఎందుకు పోలేదో తెలియదు.

రోలర్ నుంచి ఊడిన రబ్బరు ముక్కలు ఎక్కడికి పోయాయో ఆలోచించండి. అవి ఆయిల్‌తో కిందికి దిగి జల్లెడకు అడ్డం పడతాయి. ఈ బండికి కారులా మార్చే కాగితం ఫిల్టర్ లేదు. కుడి పక్క క్లచ్ కవర్ లోపల ఒక జల్లెడ, క్రాంక్ మీద తిరిగే ఫిల్టర్ ఉంటాయి. రోలర్ రబ్బరు చాలావరకు ఊడిపోయినట్టుంటే కుడి కవర్ కూడా విప్పి జల్లెడ కడగాల్సిందే. ఒక ప్యాకింగ్ ఖర్చు, గంట పని. జల్లెడ మూసుకుపోతే ముందు దెబ్బతినేది పైనున్న క్యామ్, రాకర్లు (వాల్వును నొక్కే మీటలు).

బిగించడం

కొత్త చైన్‌ను ఆయిల్‌లో ముంచి తీసి, సొరంగంలో ఉంచిన తీగతో కింది నుంచి పైకి లాగి, కింద క్రాంక్ స్ప్రాకెట్ మీద కూర్చోబెట్టండి. కొత్త రోలర్లు, గైడ్ చక్రం ఫొటో చూసుకుంటూ యథాస్థానంలో పెట్టండి. గైడ్ చక్రం విషయంలో జాగ్రత్త. దాని ఇరుసే అవతల పక్కన ఆయిల్ పంపును తిప్పుతుంది. ఇరుసు పంపు గాడిలో సరిగా కూర్చోకుండా బిగిస్తే బండి స్టార్ట్ అవుతుంది, ఆయిల్ మాత్రం పైకి రాదు.

పనంతటిలో తొందర పడకూడని చోటు ఇదే. కాయిల్ ప్లేటు తాత్కాలికంగా బిగించి, కీ పెట్టి, మ్యాగ్నెట్ ఎక్కించి, నట్టు చేతి బిగువు మీద పెట్టండి. చైన్‌ను పై నుంచి ఒక చేత్తో లాగి పట్టుకుని టి గుర్తు సరిగ్గా కలపండి. వదులుగా పట్టుకుంటే చైన్ కింద స్ప్రాకెట్ దగ్గర ముడుచుకుని ఇరుక్కుంటుంది. అలాగే పట్టుకుని క్యామ్ స్ప్రాకెట్‌ను చైన్‌లో పెట్టి, సున్నా గుర్తు కోతకు ఎదురుగా ఉండేలా క్యామ్‌కు తగిలించండి. చైన్ కింది వరస బిగువుగా ఉండాలి, వదులంతా పై వరసలోకి రావాలి, ఎందుకంటే క్రాంక్ లాగేది కింది వరసను, టెన్షనర్ అదిమేది పై వరసను. రెండు వరసల్లో వదులు పంచి పెట్టి గుర్తు కలిసిందనుకుంటే టెన్షనర్ పెట్టగానే అది జరుగుతుంది. స్ప్రాకెట్ బోల్టులు చిన్నవి, చెయ్యి తిరిగినవాళ్ళు కూడా వీటిని తెంపుతుంటారు. మాన్యువల్‌లో ఉన్న బిగువు దాటొద్దు.

పుష్ రాడ్‌ను ఆయిల్‌లో ముంచి, లోపలికి ఆయిల్ చేరేలా రెండు మూడుసార్లు నొక్కి వదిలి, రబ్బరు కొస పైకి ఉండేలా పెట్టి స్ప్రింగ్, బోల్టు ఎక్కించండి. కొందరు శబ్దం పూర్తిగా పోవాలని స్ప్రింగ్‌ను సాగదీయడం, దాని కింద వాషర్లు పెట్టడం చేస్తారు. ఆ రోజుకు నిశ్శబ్దంగానే ఉంటుంది. కానీ చైన్ ఎప్పుడూ అదనపు బిగువులో తిరిగి కొత్త రోలర్లను త్వరగా తినేస్తుంది. కిట్‌లో వచ్చిన స్ప్రింగ్ అలాగే వేయండి.

ఇప్పుడు ప్లగ్గు లేకుండానే, పానాతో, నిదానంగా, క్రాంక్‌ను పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. కిక్ వాడొద్దు, సెల్ఫ్ అసలే వద్దు. పళ్ళ మధ్యకు వేలు పోనివ్వొద్దు. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఆగితే బలం పెట్టకండి. వాల్వు పిస్టన్‌ను తాకుతోందేమో, వెనక్కి వచ్చి గుర్తులు మళ్ళీ కలపండి. రెండు చుట్లు తిరిగాక టి, సున్నా రెండూ మళ్ళీ తమ తమ చోట్లకు వచ్చాయా? ఒకసారి కలిస్తే చాలనుకోవద్దు, ఇంకో రెండు చుట్లు తిప్పి చూడండి. సున్నా గుర్తు అర పన్నంత తేడాలో ఉంటే చాలామంది సర్దుకుంటుంది అనుకుంటారు. కొత్త చైన్, కొత్త సామాను ఉన్నప్పుడు ఆ తేడా ఉండకూడదు. స్ప్రాకెట్ విప్పి ఒక పన్ను అటో ఇటో మార్చి చూడండి.

గుర్తులు నిలిచాయని తేలాక మ్యాగ్నెట్ మళ్ళీ తీసి, కాయిల్ ప్లేటుకు కొత్త సీల్, ఓ-రింగులు వేసి, ముందు గీసిన గీత కలిపి పూర్తిగా బిగించండి. సీల్ అంచుకు కొంచెం ఆయిల్ రాయాలి. క్రాంక్ కొసన వాలుగా ఉన్న భాగం, మ్యాగ్నెట్ రంధ్రం మాత్రం పెట్రోలు గుడ్డతో తుడిచి పొడిగా ఉంచాలి. అక్కడ ఆయిల్ ఉంటే నట్టు ఎంత బిగించినా మ్యాగ్నెట్ పట్టు చాలక ఒకరోజు కీ తెగుతుంది. మ్యాగ్నెట్, నట్టు బిగించాక టాపెట్లు మళ్ళీ కొలిచి సరిచేసి, మూతలన్నీ పెట్టి, ఆయిల్ పోసి డిప్‌స్టిక్‌తో మట్టం చూసుకోండి.

మొదటి స్టార్ట్

ప్లగ్గు పెట్టకముందే కొన్ని కిక్కులు ఉత్తగా కొట్టి ఆయిల్ లోపల తిరగనివ్వండి. ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేశాక మొదటి కొన్ని సెకన్లు గరగర వినిపించొచ్చు, టెన్షనర్‌లోకి ఆయిల్ చేరేదాకా. నిమిషం దాటినా తగ్గకపోతే ఆపేయండి. స్టార్టే కాకపోయినా, వెనక్కి తన్నినా, సైలెన్సర్‌లో పేలినా మళ్ళీ మళ్ళీ కిక్ కొట్టొద్దు. నూటికి తొంభైపాళ్ళు గుర్తులు తప్పాయి, విప్పి చూడండి.

స్టార్ట్ అయితే ఐడిలింగ్‌లో ఉంచి, ఒక టాపెట్ మూత కొంచెం వదులు చేసి ఆయిల్ తడి వస్తోందో లేదో చూడండి. గైడ్ చక్రం ఇరుసు పంపులో కూర్చుందనడానికి ఇంతకంటే తేలికైన రుజువు లేదు. ఆయిల్ రాకపోతే వెంటనే ఆపండి, ఊరంతా తిప్పి చూద్దామనుకోవద్దు. కాసేపటికి గుండ్రటి మూత, కాయిల్ ప్లేటు కింద, టెన్షనర్ బోల్టు దగ్గర చెమ్మ పట్టిందేమో వేలితో చూడండి.

కొన్ని రోజులు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి సరిచూసి, టాపెట్ మళ్ళీ కొలవండి. మొదటి ఆయిల్‌ను 500 కిలోమీటర్లకే మార్చేయండి, ముఖ్యంగా పాత రోలర్ నలిగిపోయిన బండి అయితే. దించిన ఆయిల్‌ను పాత బనీను గుడ్డలో వడగడితే రబ్బరు రవ్వలు ఇంకా వస్తున్నాయో లేదో తెలుస్తుంది.

అంతా అయ్యాక కూడా అదే మూత దగ్గర శబ్దం మిగిలితే ఇంకోసారి కిట్ మార్చే పని పెట్టుకోకండి. అప్పుడు చూడాల్సింది క్యామ్ లోబ్ (రాకర్‌ను తోసే ఉబ్బు), రాకర్ ముఖం. టాపెట్ మూతల్లోంచి టార్చి వేసి రాకర్ కొస చూడండి, గుంట పడి ఉంటే టాపెట్ ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు, అది హెడ్ దించే పని. టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే శబ్దం వస్తోందంటే మాత్రం ఆ బోర్ మెకానిక్ దగ్గరికే వెళ్ళి, విప్పే ముందు కంప్రెషన్ గేజ్ పెట్టి చూపించమనండి.